మిక్సీనా, గ్రైండరా? చప్పుడు పడనివాళ్ళకి స్నోమొబైల్ ఎంపిక

మా ఆవిడకి చప్పుడు పడదు. మిక్సీ వేసేముందు "వేస్తున్నా" అని కేక వెయ్యాలి, లేకపోతే ఆ రోజంతా తలనొప్పి. అదే గ్రైండర్ గంటసేపు తిరిగినా ఏమీ అనదు, దాని పక్కనే కూర్చుని ఫోన్ చూసుకుంటుంది. అమెరికాలో మినెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్ వచ్చిన కొత్తలో నాకిది చాదస్తంలా అనిపించేది. స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) కొనే పని నెత్తిమీదికొచ్చాక, తను చెప్పేదాంట్లో బోలెడు సైన్సుందని తెలిసింది.

మొదటిసారి అద్దెకు తీసుకుని నడిపింది నార్త్ షోర్ ట్రైల్ మీద. డులూత్ నుంచి గ్రాండ్ మరే దాకా, సుపీరియర్ సరస్సుకి పైనున్న అడవుల్లోంచి 146 మైళ్ళు. చోటు స్వర్గం, బండి నరకం. టూ స్ట్రోకు, పైగా దాని సైలెన్సర్ ఎవరో మార్చేశారు. వెనక కూర్చున్న మా ఆవిడకి చెవులు మూసుకుందామంటే చేతులు ఖాళీ లేవు, రెండూ పట్టుకునే హ్యాండిళ్ళ మీదే. భోజనానికి ఆగినప్పుడు సూప్ గిన్నె ముందు పెట్టుకుని పావుగంట మాట్లాడలేదు. తర్వాత "నువ్వేదో అంటున్నావు గానీ నాకు గుయ్యిమనే వినపడుతోంది" అంది. వచ్చేటప్పుడు టిష్యూ పేపరు ఉండలు చుట్టి చెవుల్లో పెట్టుకుంది.

అక్కడితో వదిలేసేవాళ్ళమే. కానీ ఆ మంచు, ఆ నిశ్శబ్దం, బండి ఆపగానే చెట్ల మీంచి మంచు జారే ఆ చిన్న శబ్దం తనకి నచ్చాయి. నచ్చనిది బండి ఒక్కటే. అందుకని తక్కువ చప్పుడుతో, ఇద్దర్ని అవలీలగా లాగే బండి కోసం వెతకడం మొదలుపెట్టాను. ఇదే వెతుకులాటలో ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

చట్టం చెప్పే డెసిబెల్, చెవికి తగిలే డెసిబెల్

షోరూంలో అడిగితే "సార్, ఇప్పుడొచ్చేవన్నీ సైలెంటే" అంటారు. పూర్తిగా అబద్ధం కాదు. 1960ల్లో వచ్చిన బండ్లు 50 అడుగుల దూరంలో 102 డెసిబెల్స్ దాకా అరిచేవని తయారీదారుల సంఘమే చెబుతుంది. 1975 నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి, అంటే ఫుల్ థ్రాటిల్‌లో 50 అడుగుల దగ్గర 78 దాటకూడదన్నారు. 1976 జూన్ తర్వాత తయారైనవి 15 మైళ్ళ వేగంలో అదే దూరంలో 73 దాటకూడదన్నారు. పెద్ద కంపెనీల బండ్లన్నీ ఈ పరీక్ష పాసయ్యే బయటికొస్తాయి.

గమనించారా? 50 అడుగులు. ఈ లెక్కంతా ట్రైల్ పక్కన ఇల్లున్నవాడి కోసం, బండి మీద కూర్చున్నవాడి కోసం కాదు. దూరం సగమైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. 50 నుంచి 25, పన్నెండున్నర, ఆరు, మూడు అడుగులు అనుకుంటూ వస్తే 24 డెసిబెల్స్ కలుస్తాయి. ఇంజన్‌కి మరీ దగ్గరైతే ఈ లెక్క అచ్చంగా నిలవదు, కానీ సంగతి అర్థమవుతుంది: దారిన పోయేవాడికి 73 అయినది మన చెవి దగ్గరికొచ్చేసరికి 90ల్లో ఉండొచ్చు. పని స్థలాల్లో వినికిడి రక్షణకు అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ నియోష్ పెట్టిన హద్దు రోజుకి 8 గంటలు 85 డెసిబెల్స్. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి పడిపోతుంది. 94 దగ్గర అయితే ఒక్క గంటే. మనం ట్రైల్ మీద ఉండేది నాలుగైదు గంటలు.

అందుకని బ్రోషర్లో డెసిబెల్ అంకె చూసి బండి ఎంచుకోవడం, ఫోటో చూసి బిర్యానీ రుచి చెప్పడం లాంటిదే. చప్పుడు పడనివాళ్ళు నిజంగా చూడాల్సింది మూడింటిని: ఆ శబ్దం సన్నదా బొంగురుదా, ఒకే తీరుగా ఉంటుందా ఎగిసిపడుతుందా, ఒంటికి వణుకు ఎంత వస్తుంది. మా ఆవిడ మిక్సీ-గ్రైండర్ పరీక్ష సరిగ్గా ఇదే.

ఆర్‌ఎక్స్ 100, స్ప్లెండర్

మన ఊళ్ళల్లో పెరిగినవాళ్ళకి టూ స్ట్రోక్, ఫోర్ స్ట్రోక్ తేడా పాఠం చెప్పక్కర్లేదు. ఆర్‌ఎక్స్ 100 వీధి చివర మలుపు తిరిగితే ఎవరింటి అబ్బాయో ఇంట్లో కూర్చుని చెప్పేవాళ్ళం. స్ప్లెండర్ గేటు ముందుకొచ్చి హారన్ కొడితే గానీ తెలిసేది కాదు. మంచు మీద కూడా కథ అదే, కాకపోతే ఇంజన్ ఏడెనిమిది రెట్లు పెద్దది.

కారణం సులువు. టూ స్ట్రోక్‌లో ప్రతి సిలిండరూ ఇంజన్ ఒక చుట్టు తిరిగిన ప్రతిసారీ పేలుతుంది. ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకి ఒకసారే. రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ 8,000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్ల లెక్క) దగ్గర నిమిషానికి 16,000 సార్లు పేలుతుంటే, మూడు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ 6,000 దగ్గర 9,000 సార్లే పేలుతుంది. స్వరం ఆ మేరకు కిందికి దిగుతుంది. టూ స్ట్రోక్ ఎగ్జాస్టుకి ఇంకో చిక్కుంది: ఆ ఉబ్బుగా ఉండే పైపు ఆకారమే ఇంజన్‌కి శక్తినిస్తుంది, కాబట్టి దాన్ని ఇష్టమొచ్చినట్టు నొక్కి మూసేయలేరు. ఫోర్ స్ట్రోక్‌కి పెద్ద సైలెన్సర్ తగిలించినా పెద్దగా నష్టం లేదు. నూనె కాలే వాసన ఉండదు గనుక తలనొప్పి మనుషులకి అదొక ఊరట.

దీనికి మించిన సాక్ష్యం ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్. 2000ల మొదట్లో పశ్చిమ గేటు దగ్గర టూ స్ట్రోక్ పొగకి రేంజర్లు ముఖానికి మాస్కులు తగిలించుకుని టికెట్లు ఇచ్చేవారు. కోర్టు గొడవలు ఏళ్ళ తరబడి నడిచాయి. చివరికి పార్క్ ఏం చేసిందంటే, శబ్దం, పొగ రెండింటికీ హద్దు పెట్టి ఆ హద్దులోపల ఉన్న మోడళ్ళ జాబితా ప్రకటించింది. 2013లో వచ్చిన నిబంధన ప్రకారం ఇప్పుడు ప్రయాణ వేగంలో 50 అడుగుల దగ్గర 67 డెసిబెల్స్ దాటకూడదు. మామూలు చట్టం కన్నా ఇది చాలా గట్టిది. టూ స్ట్రోకులు ఆ జాబితా దరిదాపుల్లోకి రావు. స్కీడూ కంపెనీ వాళ్ళ టర్బో (ఎగ్జాస్ట్ గాలితో తిరిగి ఇంజన్‌కి గాలి తోసే చక్రం) లేని 600 ఏస్, 900 ఏస్ ఇంజన్ల బండ్లు అందులో చాలాకాలంగా ఉన్నాయి.

మీరు ఎల్లోస్టోన్ వెళ్ళినా వెళ్ళకపోయినా ఆ జాబితా తిరగేయండి. పార్క్ వెబ్‌సైట్లో ఊరికే దొరుకుతుంది. అమ్మేవాడి మాట కన్నా అది నమ్మకం.

శక్తి ఎందుకు కావాలి

ఇక్కడ చాలామంది తప్పటడుగు వేస్తారు, నేనూ వేశాను. "చప్పుడు వద్దు అంటే చిన్న ఇంజన్ తీసుకోవాలి" అనుకుంటాం. చిన్న ఇంజన్ ఒంటరిగా చదునైన ట్రైల్ మీద వెళ్తే నిజమే. కానీ ఇద్దరు కూర్చుని, వెనక సంచీ కట్టుకుని, కొత్త మంచులో ఎత్తు ఎక్కుతుంటే అది గొంతు చించుకుంటుంది. స్నోమొబైల్‌కి గేర్లుండవు, బెల్టుతో నడిచే క్లచ్ ఉంటుంది. బరువు పెరిగితే ఆ క్లచ్ ఇంజన్‌ని పై ఆర్‌పీఎంకి తోసేస్తుంది, బండి వేగం అంతంతే ఉన్నా కేక మాత్రం పూర్తిగా వస్తుంది. లోడెక్కువైన ఆటో ఫ్లైఓవర్ ఎక్కుతున్నట్టు.

పెద్ద ఇంజన్ అదే ఎత్తుని సగం థ్రాటిల్‌తో దాటేస్తుంది. అంటే మనం శక్తి కొనేది వేగం కోసం కాదు, తీరిక కోసం. మినెసోటాలో స్నోమొబైల్ వేగ పరిమితి 50 మైళ్ళు. కెనడాలోని ఒంటారియో ట్రైళ్ళ మీద 50 కిలోమీటర్లే. ఆ వేగాన్ని 62 హార్స్‌పవర్ బండి కూడా అందుకుంటుంది. అయినా ఇద్దరెక్కే బండికి 90 కన్నా తక్కువ వద్దనే నేనంటాను.

అలాగని 200 దాకా ఎగబాకాల్సిన పనీ లేదు. బాగా శక్తివంతమైన బండి వేలు ఆడిస్తే చాలు దూకుతుంది, ఆ దూకుడులో శబ్దం ఎగిసిపడుతుంది. శబ్దం పడనివాళ్ళని అసలు బాధపెట్టేది ఆ ఎగుడుదిగుడే.

ఇక బండ్లు

స్కీడూ 900 ఏస్. ముందే చెప్పేస్తున్నా, నా ఓటు దీనికే. రోటాక్స్ వాళ్ళ మూడు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్, టర్బో లేకుండా సుమారు 95 హార్స్‌పవర్. గ్రాండ్ టూరింగ్, రెనగేడ్, ఎక్స్‌పెడిషన్ లాంటి చాలా బండ్లలో ఇదే ఉంటుంది. నడుపుతుంటే దూరంగా రైస్ మిల్లు నడుస్తున్నట్టు ఒకటే హోరు, ఎగుడుదిగుడు లేదు. ఎకో, స్టాండర్డ్, స్పోర్ట్ అని మూడు మోడ్‌లు. ఎకోలో పెడితే థ్రాటిల్ ఎంత గట్టిగా నొక్కినా ఇంజన్ తాపీగానే స్పందిస్తుంది. వెనక కూర్చున్నవాళ్ళకి ఈ ఎకో బటన్ వరం. ముందు కూర్చున్న మగాళ్ళకి కొంచెం బోరు.

దీని తమ్ముడు 600 ఏస్, రెండు సిలిండర్లు, 62 హార్స్‌పవర్ ప్రాంతం. ఒక్కరే నడుపుతారు, సరదాగా సరస్సు మీద తిరుగుతారు అంటే ఇది చాలు. ఇద్దరికి చాలదు. పైన చెప్పిన ఆటో కథే.

అన్న 900 ఏస్ టర్బో. 2019 మోడల్‌గా 150 హార్స్‌పవర్‌తో వచ్చింది. తర్వాత 180తో టర్బో ఆర్, ఆ తర్వాత 130తో ఇంకోటి వచ్చాయి. టర్బో అంటే చప్పుడు పెరుగుతుందని భయపడ్డాను. నిజానికి ఎగ్జాస్ట్ దారిలో తిరిగే ఆ చక్రం పేలుళ్ళని కొంత మెత్తబరుస్తుంది, అదో సైలెన్సర్ లాగానే పనిచేస్తుంది. బదులుగా సన్నటి ఈల ఒకటి వస్తుంది. కొందరికి ఆ ఈల తెలియను కూడా తెలియదు, కొందరికి చెవిలో సూది గుచ్చినట్టుంటుంది. మా ఆవిడ రెండో రకం. మీరు ఏ రకమో నడిపి చూస్తేనే తెలుస్తుంది. ఈల పడితే మాత్రం 130 టర్బో చాలా మంచి నడిమధ్య ఎంపిక. 180 మాత్రం చప్పుడు పడనివాళ్ళ కోసం పుట్టింది కాదు, దాని ఎగ్జాస్ట్ గొంతే వేరు.

పోలారిస్ చాలా ఏళ్ళు టూ స్ట్రోకుల మీదే నడిచి, ఈమధ్య ప్రోస్టార్ ఎస్4 అనే ఫోర్ స్ట్రోక్ తెచ్చింది. మినెసోటాలో పుట్టిన కంపెనీ కాబట్టి మా వైపు ప్రతి ఊళ్ళో మెకానిక్ దొరుకుతాడు. అది చిన్న విషయం కాదు. సైలెన్సర్ రింగు పోయిందని 80 మైళ్ళు బండి లాక్కెళ్ళే బాధ తప్పుతుంది.

యమహా గురించి బాధతో రాయాలి. 2003 మోడల్ ఆర్‌ఎక్స్-1తో మంచు మీద గట్టి ఫోర్ స్ట్రోక్ అంటే ఏమిటో చూపించింది వీళ్ళే. 2023లో ఈ వ్యాపారం మూసేస్తున్నట్టు ప్రకటించారు, ఉత్తర అమెరికాలో 2025 మోడళ్ళే ఆఖరివి. పాతబండ్ల సంతలో మాత్రం వెక్టర్, వెంచర్ లాంటి మూడు సిలిండర్ల బండ్లు ఇంకా మంచి బేరాలే. 120 హార్స్‌పవర్ ప్రాంతం, ఒత్తిడి లేని గొంతు, ఏళ్ళ తరబడి మొరాయించని ఇంజన్లు. బరువు మాత్రం గేదె. మెత్తటి మంచులో కూరుకుపోతే ఇద్దరు మనుషులు సరిపోరు. అదే కంపెనీ ఏపెక్స్ మాత్రం కొనకండి, అంటే మన అవసరానికి. నాలుగు సిలిండర్లు, పదివేలు దాటే ఆర్‌పీఎం, ఎగ్జాస్ట్ సీటు కిందనుంచి వెనక్కి వస్తుంది. వినడానికి రేసు బైకు. ఫోర్ స్ట్రోక్ అని చూసి మోసపోయే బండి ఏదైనా ఉంటే ఇదే. 200 హార్స్‌పవర్ ప్రాంతంలో ఉండే సైడ్‌విండర్ కూడా అంతే, అది వేగం కోసం పుట్టింది.

ఆర్కిటిక్ క్యాట్ పాత 7000 సిరీస్‌లో యమహా ఇంజనే ఉంటుంది, కాబట్టి గొంతు కూడా అదే. కంపెనీ 2024 చివర్లో ఉత్పత్తి ఆపి 2025లో చేతులు మారింది. మీ ఊళ్ళో డీలర్ ఇంకా ఉన్నాడో లేదో చూసుకుని దిగండి.

ఇక టూ స్ట్రోకులు. వీటిని తీసిపారేయడం అన్యాయం. మోంటానా, వయోమింగ్, కొలరాడో కొండల్లో నడుము లోతు మంచులో తిరిగేవాళ్ళకి తేలికదనమే ప్రాణం. అదే కోవ ఫోర్ స్ట్రోక్ కన్నా పాతిక, ముప్పై కిలోలు తక్కువుంటాయి. రోటాక్స్ 600ఆర్ ఈటెక్ 125, 850 ఈటెక్ 165 హార్స్‌పవర్ ఇస్తాయి. పోలారిస్‌కి 650, 850 ప్యాట్రియాట్ ఉన్నాయి. ఇంధనం చిమ్మే కొత్త పద్ధతులు వచ్చాక వీటిలో పొగ, వాసన బాగా తగ్గాయి. మెల్లగా వెళ్తుంటే గొంతు కూడా పాత రోజుల్లా ఉండదు. థ్రాటిల్ తెరిస్తే మాత్రం మిక్సీ మిక్సీయే. కొండల్లో తిరగక తప్పదు, చప్పుడూ పడదు అనేవాళ్ళు బండి మీద కాకుండా చెవి మీద డబ్బు పెట్టాలి. ఆ సంగతి కిందికొస్తా.

కరెంటు బండ్లు

"చప్పుడు వద్దంటే ఎలక్ట్రిక్ కొనొచ్చుగా" అని అందరూ అంటారు. మాకూ ఆశపుట్టింది. మాంట్రియల్ కంపెనీ టైగా ముందు బాట వేసింది, 2024లో అప్పుల్లో కూరుకుపోయి కోర్టు రక్షణ కోరింది, తర్వాత చేతులు మారింది. ఆమధ్య స్కీడూ కూడా తన గ్రాండ్ టూరింగ్, ఎక్స్‌పెడిషన్‌లలో ఎలక్ట్రిక్ రకాలు ప్రకటించింది, మొదట టూర్లు నడిపేవాళ్ళ కోసం. కంపెనీ చెప్పే దూరం 50 కిలోమీటర్లు. అంటే నార్త్ షోర్ ట్రైల్‌లో నాలుగో వంతు కూడా కాదు. పైగా చలికి బ్యాటరీ ముడుచుకుంటుంది, అడవి మధ్య బంకులో పెట్రోలు దొరుకుతుంది గానీ చార్జరు దొరకదు.

సొంత కేబిన్ ఉండి, ఇంటి చుట్టూ, సరస్సు మీద గంట తిరిగి వచ్చి ప్లగ్ పెట్టుకునేవాళ్ళకి ఇంతకన్నా మంచిది లేదు. మిగతావాళ్ళకి ఇంకా తొందర. ఇంకో మాట, ఎలక్ట్రిక్ అంటే నిశ్శబ్దం కాదు. ఇంజన్ కేక పోయాక ట్రాక్ (బండి కింద తిరుగుతూ మంచుని తోసే రబ్బరు పట్టా) గరగర, గాలి హోరు, మోటారు సన్నటి రాగం మొదటిసారి బయటపడతాయి. అయినా మాట్లాడుకుంటూ వెళ్ళొచ్చు, అదే పెద్ద తేడా.

ఇంజన్ది కాని చప్పుడు

నిజానికి 40 మైళ్ళ వేగం దాటాక వెనక్కి తిరిగి ఇంజన్‌ని నిందించడం దండగ. సగం చప్పుడు గాలిది, ట్రాక్‌ది.

ముందు గాలి. పొట్టి విండ్‌షీల్డ్ మీంచి ఎగిరిన గాలి సరిగ్గా హెల్మెట్‌కి వచ్చి కొడుతుంది. హైవే వేగంలో హెల్మెట్ లోపల గాలి ఒక్కటే 90 డెసిబెల్స్ దాటగలదు. చిన్న పరీక్ష: నడుపుతూ చదును చోట ఒక చెయ్యి మెల్లగా హెల్మెట్ ముందుకు తీసుకెళ్ళండి, వెనకున్నవాళ్ళయితే ఇంకా మంచిది. హోరు ఎక్కడ తగ్గిందో అక్కడిదాకా విండ్‌షీల్డ్ రావాలి. మేం ఎత్తుది వేయించాక మా ఆవిడ అన్న మొదటి మాట "ఇప్పుడు నీ పాట కూడా వినపడుతోంది, అది మాత్రం తగ్గించు."

హెల్మెట్ బిగుతుగా ఉండాలి, మెడ దగ్గర సందు లేకుండా గుడ్డ తెర ఉండాలి. దవడ పైకి లేచే మాడ్యులర్ హెల్మెట్లు సౌకర్యమే గానీ, చవకవాటిలో ఆ కీలు దగ్గర ఈల మొదలవుతుంది.

ట్రాక్. మెత్తటి మంచు కోసం చేసిన పొడుగు పళ్ళ ట్రాక్ గట్టి ట్రైల్ మీద గురగురమంటుంది. ట్రైల్ మీదే తిరిగేవాళ్ళకి ఒకటింపావు అంగుళం పళ్ళు చాలు. ఐసు మీద జారకుండా కొట్టించే స్టడ్స్ కూడా చప్పుడే, రోడ్డు దాటేటప్పుడైతే మేకులు పరిచిన నేల మీద ఇనప మంచం లాగినట్టు ఉంటుంది. స్కీడూ టూరింగ్ బండ్లలో సైలెంట్ డ్రైవ్ అని ట్రాక్ వణుకు తగ్గించే ఏర్పాటు ఉంటుంది, కొనేది టూరింగ్ అయితే అది ఉందో లేదో అడగండి.

ఇక ఇయర్‌ప్లగ్‌లు. రెండు డాలర్ల ఫోమ్ ప్లగ్ చేసే మేలు రెండువేల డాలర్ల మోడల్ తేడా చెయ్యదు. కాకపోతే సరిగ్గా పెట్టుకోవాలి. వేళ్ళ మధ్య సన్నగా నలిపి, ఇంకో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి, లోపల పెట్టి ఉబ్బేదాకా అరనిమిషం వేలితో పట్టుకోవాలి. ఊరికే చెవి మొహాన అతికిస్తే లాభం లేదు. డబ్బా మీద 33 డెసిబెల్స్ తగ్గిస్తుందని రాసున్నా మన చేతికి అందులో సగమే దక్కుతుందనుకోండి, అయినా అది చాలా ఎక్కువ. లోపల ఫిల్టర్ ఉన్న రకాలు మాటల్ని వదిలి హోరుని ఆపుతాయి. చెవులు మూసుకుంటే ఎదురొచ్చే బండి వినపడదేమో అని భయం ఉంటుంది. హెల్మెట్‌లో ఎలాగూ వినపడదు. అందుకే ఇక్కడ గుంపుగా వెళ్ళేవాళ్ళు చేతి సైగలు వాడతారు, నా వెనక ఇంకా ఎన్ని బండ్లున్నాయో వేళ్ళతో చూపిస్తారు. అవి నేర్చుకోండి.

పాత బండి చూడ్డానికి వెళ్ళినప్పుడు

కొత్త టర్బో టూరింగ్ బండి పదిహేను వేల డాలర్లు దాటుతుంది, అందుకని మాలాగే చాలామంది పాతది వెతుకుతారు. నేను చూసిన రెండో బండి 900 ఏసే, మైళ్ళు తక్కువ, ధర బాగుంది. స్టార్ట్ చేస్తే ఎందుకో రేకు డబ్బాలా మోగింది. పక్క ప్యానెల్ తీసి చూశాను. లోపల అంటించి ఉండాల్సిన నల్లటి ఫోమ్ లేదు, జిగురు మరకలు మాత్రం మిగిలాయి. ఎలకలు గూడు కట్టుకుని కొరికేశాయి. అమ్మేవాడు "అది అలంకారం కోసం" అన్నాడు. అలంకారం కాదు, చప్పుడు మింగేది అదే. ఆ సాకు చూపించే ధర తగ్గించి తీసుకున్నాను, కొత్త ఫోమ్ షీట్లు తెచ్చి ఒక ఆదివారం గ్యారేజీలో కూర్చుని కత్తిరించి అంటించాను. తేడా నేనే నమ్మలేదు.

సైలెన్సర్ కంపెనీదేనా చూడండి. "క్యాన్" (బయటి సైలెన్సర్) పెట్టించాను, ఐదు హార్స్‌పవర్ పెరిగింది అని ఎవరైనా మురిసిపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి. అసలు సైలెన్సర్ కూడా ఇస్తానంటే బేరమాడండి. మార్చిన సైలెన్సర్ చాలా రాష్ట్రాల్లో చట్టవిరుద్ధం కూడా. ఆగి ఉన్న బండికి 4 మీటర్ల దూరంలో 88 డెసిబెల్స్ అనే హద్దు పెట్టి ట్రైల్ మీదే ఆపి కొలిచేచోట్లు ఉన్నాయి. మా రాష్ట్రంలో 22,000 మైళ్ళకి పైగా ట్రైళ్ళుంటే అందులో చాలా భాగం రైతుల సొంత భూముల్లోంచే పోతుంది. చప్పుడు భరించలేక ఒక్క రైతు గేటు మూస్తే ఆ దారి అంతటితో ఆఖరు.

ఎగ్జాస్ట్ కలిసేచోట నల్లటి మసి గీతలున్నాయంటే రింగు లీకవుతోంది. అది చవక రిపేరే, కానీ టపటపమనే చప్పుడికి అదే కారణం. బండి వెనక భాగం ఎత్తి ట్రాక్ చేత్తో తిప్పండి, లోపలి చిన్న చక్రాల బేరింగులు కీచుమంటే వాటిని మార్చాలి. తీసుకునేలోపు తప్పకుండా నడపండి. షోరూంలో ఐడిల్‌లో వింటే ఏ ఫోర్ స్ట్రోకైనా పిల్లిలా ఉంటుంది. 40, 45 మైళ్ళ దగ్గర ఒకే వేగంలో ఐదు నిమిషాలు పోవాలి, నిజం అక్కడ తెలుస్తుంది. ఐఫోన్ ఉంటే నియోష్ వాళ్ళ శబ్దం కొలిచే యాప్ ఉచితంగా దొరుకుతుంది. దాన్ని వెనక సీటు మీద, చెవి ఎత్తులో పెట్టి కొలవండి. ఒకే ఫోన్‌తో రెండు బండ్లు కొలిచి పోల్చడానికి అది చక్కగా పనికొస్తుంది. ఫోన్ మాత్రం చలికి చచ్చిపోకుండా జేబులో వెచ్చగా ఉంచుకుని ఆఖర్లో తియ్యండి.

కొనేముందు అద్దెకు తీసుకోవాలంటే వెస్ట్ ఎల్లోస్టోన్ ఊరు మంచిది. పార్క్ నిబంధన వల్ల లోపలికి పంపే అద్దె బండ్లన్నీ జాబితాలోని ఫోర్ స్ట్రోకులే. గైడ్ లేకుండా సొంతంగా వెళ్ళాలంటే ప్రతి ద్వారం నుంచి రోజుకి ఒక్క గుంపుకే అనుమతి, గుంపుకి 5 బండ్లు మించకూడదు. దానికి సెప్టెంబరులో లాటరీ, దరఖాస్తు 6 డాలర్లు. లోపల వేగం 35 మైళ్ళు మించకూడదు గనుక చెవులకి అంతకన్నా సుఖమైన ప్రయాణం ఉండదు. మాకు మొదటిసారి రాలేదు, రెండోసారి వచ్చింది.

ఒక్క మాటలో చెప్పమని అడిగే స్నేహితులకి నేను ఇలా చెబుతాను. ఇద్దరెక్కి ట్రైళ్ళ మీద తిరుగుతారా, టర్బో లేని 900 ఏస్, పాతదైనా ఫర్వాలేదు. పొడుగు ప్రయాణాలు, సామాను, ఈల ఇబ్బంది పెట్టదు అంటే 130 టర్బో. డబ్బు తక్కువా, యమహా వెక్టర్, కానీ కూరుకుపోతే సాయానికి స్నేహితుల్ని వెంటబెట్టుకోండి. కొండ మంచా, టూ స్ట్రోక్ తీసుకుని ప్లగ్‌లు డబ్బాల లెక్కన కొనండి. కేబిన్ ఉందా, కరెంటు బండి గురించి ఆలోచించండి.

కొనడానికి మంచి సమయం ఏప్రిల్. మంచు కరిగి ట్రైళ్ళు బురదవగానే గ్యారేజీలో చోటు కోసం భార్యలు పోరు పెడతారు, ధరలు దిగుతాయి. మా బండి అలాగే దొరికింది. కాకపోతే కొన్నాక తొలి మంచు దాకా ఏడు నెలలు అది మా గ్యారేజీలో కూర్చుంది, అప్పుడు పోరు పెట్టడం మా ఆవిడ వంతైంది.